ఎవరూ లేరనుకున్న నేల: న్యూ మెక్సికో అణు యాత్ర

బుధవారం, ఆల్బకర్కీ

ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి వచ్చిన నాటి నుంచీ న్యూ మెక్సికో చూపించమని అడుగుతూనే ఉన్నాను. ఏళ్ల తరబడి ఇంటర్మీడియట్ విద్యార్థులకు పరమాణు కేంద్రకం చీలి శక్తి వెలువడే కేంద్రక విచ్ఛిత్తి పాఠం చెప్పినవాడికి, ఆ విచ్ఛిత్తి ఆయుధంగా మారిన చోటును చూడాలనిపించడంలో వింత లేదు. మొదటి అణుబాంబును పరీక్షించిన ట్రినిటీ స్థలం వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగ క్షేత్రంలో, సైన్యం అధీనంలో ఉంది. సామాన్యులకు అక్టోబరు మూడవ శనివారం మాత్రమే ద్వారం తెరుస్తారు కాబట్టి, ఆ శనివారాన్ని ఖాయం చేసుకుని మిగిలిన ఊళ్లను దాని ముందూ వెనకా సర్దుకున్నాం.

ఆల్బకర్కీలోని జాతీయ అణు విజ్ఞాన, చరిత్ర ప్రదర్శనశాలలో బయట ఆవరణలోనే బి-29, బి-52 బాంబర్ విమానాలు, టైటాన్-2 క్షిపణి ఎండలో నిలబడి ఉన్నాయి. లోపల హిరోషిమా, నాగసాకి బాంబుల నమూనాలు పక్కపక్కనే ఉన్నాయి. హిరోషిమా బాంబు మూడు మీటర్ల పొడవున్న సన్నని గొట్టం. దానిలో 64 కిలోల శుద్ధి చేసిన యురేనియాన్ని రెండు భాగాలుగా ఉంచి, ఒక భాగాన్ని ఫిరంగి గుండులా పేల్చి రెండోదానికి తగిలేలా చేశారు. పద్ధతి ఎంత సూటిగా ఉందంటే, శాస్త్రవేత్తలు దాన్ని ముందుగా పరీక్షించాల్సిన అవసరమే లేదనుకున్నారు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడిందే దాని మొదటి పేలుడు. ఆ సంవత్సరం ముగిసేలోపు ఆ నగరంలో సుమారు 1,40,000 మంది చనిపోయారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం ఇవి కావు, పక్క గదిలో ఉన్న నొక్కుకుపోయిన రెండు బాంబు తొడుగులు. 1966 జనవరి 17న స్పెయిన్‌లోని పలోమారెస్ గ్రామం పైన ఆకాశంలో ఒక బి-52 విమానం, దానికి ఇంధనం నింపుతున్న మరో విమానం ఢీకొన్నప్పుడు నాలుగు హైడ్రోజన్ బాంబులు జారిపోయాయి. మూడు నేల మీద, ఒకటి సముద్రంలో పడ్డాయి. నేల మీద పడ్డవాటిలో రెండింటిలోని మామూలు పేలుడు పదార్థం పేలి, టమాటా తోటల మీద ప్లుటోనియం అనే రేడియోధార్మిక లోహం చిమ్మింది. అణు విస్ఫోటం జరగలేదు. పేలకుండా దొరికిన రెండింటి తొడుగులే ఇవి. పాఠం చెప్పేటప్పుడు అణుయుగమంటే 1945లోని రెండు పేలుళ్లు, ఆ తర్వాత దేశాల మధ్య బెదిరింపు అని చెప్పి ముగించేవాణ్ణి. యుద్ధమే లేని రోజున, ఏ శత్రువూ లేని పల్లె మీద బాంబులు పడిన సంగతికి మా పాఠ్యపుస్తకాల్లో చోటు లేదు.

1986 ప్రాంతంలో ప్రపంచంలో సుమారు 70,000 అణ్వాయుధాలు ఉండేవి, ఇప్పుడు సుమారు 12,000. తొమ్మిది దేశాల దగ్గర ఉన్న వీటిలో దాదాపు తొంభై శాతం అమెరికా, రష్యాలవే.

గురువారం, శాంటా ఫే

శాంటా ఫేలో మేము వెతికింది ఒక్క గుమ్మం కోసం. ఈస్ట్ పాలెస్ వీధిలో 109వ నంబరు. అణుబాంబు తయారీకి అమెరికా రహస్యంగా చేపట్టిన మాన్‌హటన్ పథకంలో పనిచేయడానికి 1943 నుంచి రైలు దిగి వచ్చిన శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు, వారి భార్యాపిల్లలు ఈ చిన్న కార్యాలయానికి వచ్చేవారు. డొరోతీ మెక్కిబిన్ అనే ఆవిడ వారికి అనుమతిపత్రాలు ఇచ్చి లాస్ ఆలమోస్ కొండ మీదికి పంపేది. కొండ మీద ఉన్నవారందరికీ చిరునామా ఒకటే, తపాలా పెట్టె 1663. అక్కడ పుట్టిన పిల్లల జనన ధృవీకరణ పత్రాల్లో కూడా జన్మస్థలంగా అదే నంబరు రాశారు. ఇప్పుడు ఆ గుమ్మం దగ్గర ఒక ఫలకం తప్ప మరేమీ లేదు, చుట్టూ దుకాణాలు.

ఇంతటి గోప్యత పాటించిన ఊళ్లోనే ఆ రహస్యం చేతులు మారింది. 1945 జూన్‌లో ఇక్కడి కాస్టిల్లో వీధి వంతెన దగ్గర లాస్ ఆలమోస్‌లో పనిచేస్తున్న భౌతికశాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్, సోవియట్ గూఢచారి హ్యారీ గోల్డ్‌ను కలుసుకుని బాంబు నిర్మాణ వివరాలు అందజేశాడు. 1949 ఆగస్టు 29న సోవియట్ యూనియన్ పేల్చిన తొలి బాంబు నాగసాకి బాంబుకు దాదాపు నకలు. ఫుక్స్ లేకపోతే సోవియట్లకు బాంబు వచ్చేదే కాదని కొందరు రాస్తారు. నాకు అది అతిశయోక్తి అనిపిస్తుంది. విచ్ఛిత్తి సూత్రం 1938 డిసెంబరులో బెర్లిన్‌లో బయటపడి, కొద్ది నెలల్లోనే ప్రపంచంలోని ప్రతి భౌతికశాస్త్ర విభాగానికీ చేరింది. ఫుక్స్ సోవియట్లకు కొంత కాలాన్ని మిగిల్చాడు, అంతే.

మధ్యాహ్నం పజారిటో పీఠభూమి మీదికి కారు ఎక్కించాం. సముద్రమట్టానికి దాదాపు 7,300 అడుగుల ఎత్తున, లోయల మధ్య వేళ్లలా పరుచుకున్న గట్ల మీద లాస్ ఆలమోస్ ఉంది. 1942 చివరి దాకా ఇక్కడ మగపిల్లల బడి ఒకటి నడిచేది. 1928లో పెద్ద పెద్ద పైన్ దూలాలతో కట్టిన దాని భోజనశాల, ఫుల్లర్ లాడ్జ్, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఇక్కడ వెలసిన బాంబు ప్రయోగశాలకు డైరెక్టరైన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కు ఈ కొండలు పడుచుతనం నుంచీ ఇష్టం. పథకానికి సైనికాధిపతి అయిన జనరల్ లెస్లీ గ్రోవ్స్‌కు కావలసింది రోడ్డు, నీళ్లు, కొన్ని కట్టడాలు ఉండి చుట్టుపక్కల మనుషులు లేని చోటు. బడిని స్వాధీనం చేసుకోవడంతో ఇద్దరి కోరికా తీరిందని గైడు పుస్తకాలన్నీ రాస్తాయి.

అయితే చుట్టుపక్కల మనుషులు ఉన్నారు. బీన్స్ పండించుకుంటూ, గొర్రెలు మేపుకుంటూ స్పానిష్ మాట్లాడే కొన్ని కుటుంబాలు ఈ గట్ల మీద సొంత పొలాల్లో బతికేవి. కింద లోయలో శాన్ ఇల్డెఫోన్సో వంటి పుయెబ్లో ఆదివాసుల గ్రామాలు శతాబ్దాలుగా ఉన్నాయి. సైన్యం వచ్చి రైతుల్ని ఖాళీ చేయించింది. బడికి దక్కిన పరిహారంతో పోలిస్తే వారికి దక్కింది స్వల్పమని వారి వారసులు కోర్టుకెక్కారు, చివరికి 2004లో అమెరికా కాంగ్రెస్ కోటి డాలర్ల నిధిని కేటాయించింది. భూమి పోగొట్టుకున్న వాళ్లూ, కింది గ్రామాల వాళ్లూ ఆ తర్వాత రోజూ బస్సుల్లో కొండెక్కి శాస్త్రవేత్తల ఇళ్లలో పనిమనుషులుగా, నిర్మాణ కూలీలుగా పనిచేశారు. నిర్వాసితులు తమను లేపేసిన చోటికే కూలికి వెళ్లడం ఆనకట్టల కింద ఊళ్లు పోయిన మన ప్రాంతాల వారికి వేరే వివరించనక్కరలేదు.

శుక్రవారం, లాస్ ఆలమోస్

బ్రాడ్‌బరీ విజ్ఞాన ప్రదర్శనశాలలో ప్రవేశం ఉచితం. నాకు కావలసిన భౌతికశాస్త్రమంతా ఇక్కడే దొరికింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొదట ప్లుటోనియం బాంబును (తర్వాత నాగసాకి మీద పడిన రకం) కూడా ఫిరంగి పద్ధతిలోనే తయారుచేయాలనుకున్నారు. ఎమిలియో సెగ్రే బృందం 1944లో రియాక్టరు నుంచి వచ్చిన ప్లుటోనియాన్ని పరీక్షిస్తే అందులో 240 భార సంఖ్య గల మరో రకం ప్లుటోనియం (ఐసోటోపు) కలిసి ఉందని, అది దానంతట అదే విచ్ఛిత్తి చెంది న్యూట్రాన్లను వెదజల్లుతోందని తేలింది. ఫిరంగి వేగం ఎంత పెంచినా, రెండు భాగాలూ పూర్తిగా కలవకముందే ఒక విచ్ఛిత్తి మరికొన్నిటిని రేపే గొలుసు చర్య మొదలై బాంబు తుస్సుమంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫోర్డ్‌లో కోట్ల డాలర్లతో కడుతున్న ప్లుటోనియం రియాక్టర్లు వృథా అయ్యే పరిస్థితి. ఆ ఆగస్టులో ఓపెన్‌హైమర్ ప్రయోగశాల మొత్తాన్ని తిరగవేసి, సెత్ నెడర్‌మేయర్ అంతకుముందు నుంచే చెబుతున్న, చాలామంది పట్టించుకోని పద్ధతికి మళ్లించాడు. ప్లుటోనియం గోళం చుట్టూ పేలుడు పదార్థాన్ని పేర్చి, అన్ని వైపుల నుంచీ ఒకే క్షణంలో లోపలికి నొక్కి, దాని సాంద్రతను పెంచడం ఆ పద్ధతి.

చెప్పడానికి తేలికే. పేలుడు తరంగం ఎప్పుడూ వెలుపలికి ఉబ్బుతూ వ్యాపిస్తుంది. దాన్ని లోపలికి వంచి, గోళాన్ని ఎక్కడా పక్కకు పిండకుండా సమంగా నొక్కాలంటే, వేగంగా పేలే పదార్థాన్నీ నెమ్మదిగా పేలే పదార్థాన్నీ కలిపి కటకాలు తయారుచేయాలి. జాన్ వాన్ నోయ్‌మన్ లెక్కలు కట్టాడు, జార్జ్ కిస్టియాకోవ్‌స్కీ వాటిని పోత పోయించాడు. ఫుట్‌బాల్ మీద కుట్టిన తోలు ముక్కల మాదిరిగానే 20 షడ్భుజులు, 12 పంచభుజులు కలిపి 32 కటకాలు. వాటన్నిటినీ సెకనులో పదిలక్షో వంతు తేడా కూడా రాకుండా పేల్చాలి. నాలుగున్నర టన్నులకు పైగా బరువున్న నాగసాకి బాంబు నడుమ ఉన్న ప్లుటోనియం దాదాపు ఆరు కిలోలే. మిగతా బరువులో చాలా భాగం దాన్ని నొక్కడానికే.

ఇది పనిచేస్తుందన్న నమ్మకం ఎవరికీ లేకపోవడం వల్లనే ట్రినిటీ పరీక్ష అవసరమైంది.

గోడ మీది లెక్కలు చదువుతూ మా అబ్బాయి, “నాన్నా, మొత్తం ఖర్చు దాదాపు 200 కోట్ల డాలర్లయితే లాస్ ఆలమోస్‌కు నాలుగు శాతమేనా?” అని ఆశ్చర్యపోయాడు. అవును, నాలుగు శాతమే. సింహభాగం టెనెసీలోని ఓక్‌రిడ్జ్‌లో యురేనియం శుద్ధికీ, హాన్‌ఫోర్డ్‌లో ప్లుటోనియం తయారీకీ వెచ్చించారు. ఒక దశలో ఈ పథకంలో 1,25,000 మందికి పైగా పనిచేస్తే, వారిలో అత్యధికులకు తాము ఏమి తయారుచేస్తున్నామో తెలియదు. మేధావులు నలుగురు కొండెక్కి కూర్చుని బాంబు చేశారన్న కథ వినడానికి బాగుంటుంది కానీ, బాంబు ప్రధానంగా ఒక పరిశ్రమ. ఇంగ్లండ్‌లోనూ జర్మనీలోనూ సూత్రం తెలిసినవారు ఉన్నా, యుద్ధం మధ్యలో ఇంత పరిశ్రమను నిలబెట్టగలిగింది అమెరికా ఒక్కటే.

లూయిస్ స్లోటిన్ గురించి ఒక ఫలకం ఉంటే దాని ముందు ఆగాను. జపాన్ మీద మూడో బాంబు కోసం సిద్ధం చేసిన ప్లుటోనియం గోళం యుద్ధం ముగియడంతో ప్రయోగశాలలోనే మిగిలిపోయింది. హ్యారీ డాగ్లియన్ దానితో ప్రయోగం చేస్తుండగా 1945 ఆగస్టు 21న జారిపడిన దిమ్మె అందులో గొలుసు చర్యను రేపడంతో వికిరణానికి గురై మరణించాడు. తొమ్మిది నెలల తర్వాత, 1946 మే 21న, అదే గోళం మీద బెరీలియం చిప్పను స్క్రూడ్రైవర్ మొనతో ఎత్తిపట్టి తోటివారికి చూపిస్తున్న స్లోటిన్ చేతిలో ఆ స్క్రూడ్రైవర్ జారింది. తొమ్మిది రోజులు బతికాడు. మా కళాశాల ప్రయోగశాలలో విద్యార్థి కళ్లజోడు పెట్టుకోకపోతే బయటికి పంపేవాళ్లం.

ఇది చరిత్రగా మారిన ఊరు కాదు. ప్రయోగశాల ఇవాళ్టికీ కొత్త ఆయుధాలకు ప్లుటోనియం గుండెకాయలు, అంటే బాంబు నడుమ ఉండే గోళాలు, తయారుచేస్తోంది, ఏటా కనీసం 30 తయారుచేయాలన్నది దానికి ప్రభుత్వం పెట్టిన లక్ష్యం. ఓపెన్‌హైమర్ నివసించిన వీధిని ఇప్పటికీ స్నానపు తొట్టెల వరుస అనే పిలుస్తారు. యుద్ధకాలంలో ఊరంతటిలో తొట్టెలున్న ఇళ్లు అవే. సాయంత్రం దక్షిణానికి బయలుదేరి సకోరోలో బస చేశాం.

శనివారం, ట్రినిటీ

తెల్లవారకముందే బయలుదేరాం. శాన్ ఆంటోనియో అనే చిన్న ఊరు దాటి తూర్పుకు 12 మైళ్లు, అక్కడి నుంచి దక్షిణానికి ఐదు మైళ్లు వెళ్తే స్టాలియన్ ద్వారం వస్తుంది. మేము చేరేసరికే కార్లు బారులు తీరి ఉన్నాయి. సైనికులు గుర్తింపు కార్డులు చూసి లోనికి పంపారు. ద్వారం నుంచి మరో 17 మైళ్లు ఎండుగడ్డి మైదానం, తూర్పున ఆస్కురా కొండలు.

కార్లు ఆపిన చోట జంబో అని పిలిచే పీపా పడి ఉంది. ప్లుటోనియం ఎంత విలువైనదంటే, పరీక్ష విఫలమైతే అది ఎడారిలో చెదిరిపోకుండా ఉండడానికి 214 టన్నుల ఉక్కు పీపాను ఒహాయోలో పోయించి రైల్లో తెప్పించారు. తీరా అది వచ్చేసరికి నమ్మకం కుదిరి, వాడకుండా 800 గజాల దూరంలో ఒక ఉక్కు గోపురానికి వేలాడదీశారు. పేలుడుకు గోపురం కూలిపోయింది, పీపా మిగిలింది. తర్వాత సైన్యమే అందులో మామూలు బాంబులు పేల్చి రెండు కొసలనూ ఊడగొట్టింది. పిల్లలు అందులోంచి ఇటు దూరి అటు వస్తున్నారు.

అక్కడి నుంచి పావు మైలు నడక. ఇనుప కంచె లోపల, నల్లని లావా రాళ్లతో 1965లో కట్టిన సూదిస్తంభం. దాని పక్కనే నేలలోంచి పొడుచుకువచ్చిన కాంక్రీటు మొండెం, బాంబును నిలబెట్టిన 100 అడుగుల గోపురం కాళ్లలో మిగిలింది అంతే. 1945 జూలై 16 తెల్లవారుజామున నాలుగింటికి పేల్చాలనుకుంటే వర్షం, మెరుపులు అడ్డొచ్చాయి. పరీక్ష బాధ్యుడు కెనెత్ బెయిన్‌బ్రిడ్జ్ వాతావరణం తెరిపి ఇచ్చేదాకా ఆగి, 5 గంటల 29 నిమిషాల 45 సెకన్లకు పేల్పించాడు. ఎన్రికో ఫెర్మీ కాగితపు ముక్కలు గాలిలో వదిలి, తరంగం వాటిని ఎంత దూరం తోసిందో చూసి తీవ్రతను 10 కిలోటన్నులుగా, అంటే పది వేల టన్నుల టీఎన్‌టీ పేలుడుకు సమానంగా, అంచనా వేశాడు. తర్వాత చాలాకాలం 21 కిలోటన్నులని రాశారు, ఇటీవలి విశ్లేషణ దాదాపు 25 అని చెబుతోంది. కాగితం ముక్కల లెక్క సగం తప్పినా, అది భౌతికశాస్త్రం నేర్పిన గొప్ప అలవాటు అని నేను ఇప్పటికీ అంటాను.

ఆ ఉదయం ఓపెన్‌హైమర్ భగవద్గీత పదకొండో అధ్యాయంలోని శ్లోకం పలికాడని మనవాళ్లు గర్వంగా రాసుకుంటారు. బర్కిలీలో ఆర్థర్ రైడర్ దగ్గర సంస్కృతం చదువుకున్న మాట నిజమే. ఆ శ్లోకం గుర్తొచ్చిందని ఆయన చెప్పిన మాట లోకమంతా ఎరిగింది 1965 నాటి టెలివిజన్ ప్రసారంలో. ఆ క్షణాన పక్కనే ఉన్న తమ్ముడు ఫ్రాంక్‌కు గుర్తున్నది మాత్రం “పనిచేసింది” అన్న మాటే. నాకు తమ్ముడి జ్ఞాపకమే నమ్మదగ్గదిగా తోస్తుంది.

పేలుడు వేడికి ఇసుక కరిగి గడ్డకట్టిన పచ్చటి గాజును ట్రినిటైట్ అంటారు. దాన్ని ఏరుకుపోవడం నేరం. ఒక స్వచ్ఛంద కార్యకర్త బల్ల మీద పెట్టిన ముక్కల దగ్గర వికిరణాన్ని కొలిచే గైగర్ కౌంటర్ టకటకలాడుతోంది. గంటసేపు ఇక్కడ ఉంటే సోకే వికిరణం అమెరికా ఈ తీరం నుంచి ఆ తీరానికి విమానంలో వెళ్తే సోకేదానికన్నా తక్కువ. ఈ అంకె విని జనం ఊపిరి పీల్చుకుంటారు, కానీ ఇది ఇవాళ్టి అంకె.

బస్సులో రెండు మైళ్ల దూరంలోని మెక్‌డొనాల్డ్ ఇంటికి తీసుకువెళ్లారు. ఆ ఇంటి పడకగదిలోనే ప్లుటోనియం గోళాన్ని కూర్చారు. ఇంటి యజమానుల్ని 1942లో యుద్ధం ముగిసేదాకా అని చెప్పి పంపారు, యుద్ధం ముగిశాక భూమి తిరిగి ఇవ్వలేదు. ఆ కుటుంబానికి చెందిన డేవ్ మెక్‌డొనాల్డ్ 1982లో, తన 81వ ఏట, తుపాకి పట్టుకుని వచ్చి తన పాత క్షేత్రంలో బైఠాయించాడు. సైన్యం బతిమాలి పంపేసింది. ఈ సంగతి నేను ముందే చదువుకోకపోతే నాకు తెలిసేది కాదు, ఎందుకంటే మాకు చూపించిన ఇంట్లో గోళం కథే ఉంది.

ఆదివారం, ట్యులరోసా

నిన్న సాయంత్రం కారిజోజో మీదుగా ఇక్కడికి వచ్చాం. నీటికాలువల పక్కన చెట్ల నీడతో చల్లగా ఉన్న ఊరు. పేలుడు నాటి ఉదయం ఇక్కడి ఆకాశం వెలిగింది. ఆయుధాగారంలో మందుగుండు పేలిందని, ఎవరికీ ప్రాణాపాయం లేదని ఆలమగోర్డో వైమానిక స్థావరం పత్రికలకు ప్రకటన ఇచ్చింది. హిరోషిమా వార్త వచ్చేదాకా జనం దాన్నే నమ్మారు.

తర్వాత కొద్ది రోజులపాటు తెల్లటి బూడిద లాంటి ధూళి పడింది. అప్పట్లో ఈ పల్లెల్లో ఇంటి కప్పుల మీది వాననీటిని తొట్లలో పట్టి తాగేవారు, సొంత పశువుల పాలు, సొంత పెరటి కూరలే ఆహారం. ధూళి పడిన పశువుల వీపుల మీద వెంట్రుకలు రాలి, తెల్లగా మొలిచాయి. సైన్యం ఆ పశువుల్లో కొన్నింటిని కొని ప్రయోగశాలలకు తీసుకువెళ్లింది. మనుషుల్ని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. పేలుడు స్థలానికి 150 మైళ్ల లోపు అప్పట్లో సుమారు ఐదు లక్షల మంది నివసించేవారని అంచనా. ఇది ప్రభుత్వానికి తెలియని విషయమేమీ కాదు. పథకానికి వైద్యాధికారిగా ఉన్న స్టఫోర్డ్ వారెన్ పరీక్ష జరిగిన ఐదో రోజునే గ్రోవ్స్‌కు నివేదిక రాస్తూ, ఇలాంటి పరీక్ష మళ్లీ చేస్తే చుట్టూ 150 మైళ్ల దాకా జనావాసం లేని చోటు చూసుకోవాలని సూచించాడు. మాన్‌హటన్ పథకం కాగితాలన్నిటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది ఇదే.

ధూళి ఎంత దూరం పోయిందన్నది ఫోటో ఫిల్ములు తయారుచేసే కొడాక్ సంస్థ అనుకోకుండా కనిపెట్టింది. దాని ఎక్స్‌రే ఫిల్ముల మీద అకారణంగా మచ్చలు పడుతుంటే, ఆరా తీసిన జూలియన్ వెబ్, వెయ్యి మైళ్లకు పైగా దూరాన ఉన్న ఇండియానాలో తయారైన ప్యాకింగ్ అట్టలో రేడియోధార్మికత ఉందని గుర్తించాడు. అట్ట తయారీకి వాడిన నది నీటిలోకి అది వర్షంతో వచ్చింది. ఫిల్ముకు పడ్డ మచ్చకు కారణం కొద్ది నెలల్లో తేలింది. ట్యులరోసా లోయలో కుటుంబాలకు కుటుంబాలే క్యాన్సర్‌తో పోతుంటే ఆ లెక్క తీయడానికి 2005లో ఇక్కడి వాళ్లే సంఘం పెట్టుకోవలసి వచ్చింది. జాతీయ క్యాన్సర్ సంస్థ 2020లో వెలువరించిన అధ్యయనం, ఈ ధూళి వల్ల ఎక్కువలో ఎక్కువ వెయ్యి దాకా అదనపు క్యాన్సర్లు వచ్చి ఉండవచ్చని, వాటిలో అధిక భాగం థైరాయిడ్‌వని అంచనా వేసింది. నాటి కొలతలు అరకొర కాబట్టి ఆ అంచనాతో ఇక్కడివారు ఏకీభవించరు.

మధ్యాహ్నం వైట్ శాండ్స్ జిప్సం దిబ్బల మీద కాసేపు నడిచాం. 2021లో శాస్త్రవేత్తలు ఇక్కడ బయటపెట్టిన మనుషుల పాదముద్రలు 21,000 నుంచి 23,000 ఏళ్ల నాటివి. వాటిలో ఎక్కువ పిల్లలవి, యువకులవి. నిర్జన ప్రదేశమని మ్యాపులో గీత గీసిన బేసిన్‌లో మనుషులు నడుస్తూ ఉన్నది అప్పటి నుంచి.

సోమవారం, లగూనా, చర్చ్ రాక్

ఆలమగోర్డో నుంచి ఫీనిక్స్‌కు దగ్గరి దారి దక్షిణం వైపు ఉంది. నేను పట్టుబట్టి ఉత్తరపు దారికి తిప్పించాను. ఆల్బకర్కీకి పడమట లగూనా పుయెబ్లో ఆదివాసుల నేలలో 1953 నుంచి 1982 దాకా జాక్‌పైల్ గని నడిచింది, ప్రపంచంలోని అతి పెద్ద బహిరంగ యురేనియం గనుల్లో అదొకటి. పగువాటే గ్రామం ఆ గని అంచునే ఉంది. ప్రచ్ఛన్న యుద్ధానికి కావలసిన యురేనియంలో పెద్ద వాటా ఈ పీఠభూములదే. నవాహో ఆదివాసుల నేలలోనే 1944, 1986 మధ్య దాదాపు మూడు కోట్ల టన్నుల ఖనిజాన్ని తవ్వి, 500కు పైగా గనుల్ని పూడ్చకుండా వదిలేశారు.

గ్యాలప్ దగ్గరి చర్చ్ రాక్‌లో యురేనియం మిల్లు వ్యర్థాల చెరువు కట్ట 1979 జూలై 16న తెగింది. ట్రినిటీ పేలిన రోజే, 34 ఏళ్ల తర్వాత. 9.4 కోట్ల గ్యాలన్ల రేడియోధార్మిక జలం నవాహోలు గొర్రెలకు నీళ్లు పట్టే ప్యుయెర్కో నదిలో కలిసింది. అదే ఏడు మార్చిలో జరిగిన త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం అందరికీ తెలుసు. అంతకన్నా ఎక్కువ రేడియోధార్మికత విడుదలైన ఈ ప్రమాదం పేరు నేను పాఠం చెప్పిన ఏళ్లలో ఒక్కసారీ వినలేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేసినప్పుడు గానీ, నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానించినప్పుడు గానీ మన చర్చల్లో చర్చ్ రాక్ ప్రస్తావన వచ్చి ఉంటే బాగుండేది. మన దగ్గరి ఖనిజం విద్యుత్తు కోసమన్నది నిజమే. చెరువు కట్టకు ఆ తేడా తెలియదు.

1990లో వచ్చిన వికిరణ పరిహార చట్టం నెవాడాలో తర్వాత జరిగిన అణు పరీక్షల బాధితులకు వర్తించింది గానీ ట్రినిటీ బాధితులకు వర్తించలేదు. 2024లో ఆ చట్టమే గడువు తీరిపోయింది. 2025 జూలైలో దాన్ని మళ్లీ తెచ్చినప్పుడే న్యూ మెక్సికోలోని ట్రినిటీ బాధితులకు మొదటిసారి చోటు దొరికింది. అర్హులైన బాధితులకు లక్ష డాలర్లు ఇస్తారు, చనిపోయినవారి వారసులూ అడగవచ్చు. అయితే నాటి కాలంలో ఇక్కడే నివసించినట్టు, ఫలానా జబ్బు వచ్చినట్టు కాగితాలతో రుజువు చేయాలి.

“ఎనభై ఏళ్ల కిందటి నివాస రుజువు ఎక్కణ్ణుంచి తెస్తారు నాన్నా?” అన్నాడు మా అబ్బాయి. బడి రిజిస్టర్లు, చర్చిలో బాప్టిజం పుస్తకాలు, పన్ను రసీదులు పనికొస్తాయేమోనని వెతుకుతున్నారని చెప్పాను. దరఖాస్తులకు చివరి తేదీ 2027 డిసెంబరు 31.